తాండూరు దుమ్ములో ముప్పై రోజులు

వికారాబాద్‌లో నేను వెయ్యి కంప్యూటర్లు బిగించాను. పెళ్లి పందిళ్లలోనూ, రైల్వే స్టేషన్ బెంచీల మీదా, కంటి ఆసుపత్రి వరండాలోనూ ఈ మాట చాలాసార్లు చెప్పాను కాబట్టి ఇక్కడా అదే ముందుగా వచ్చింది. నిమ్మళంగా గుర్తు చేసుకుంటే రెండు వందలు దాటవు. వాటిలోనూ ఓ ముప్పై, మొదటిసారి సరిగ్గా కుదరక మళ్లీ విప్పి బిగించినవి.

రెండు వందలైనా చిన్న సంగతి కాదు. ఆ రోజుల్లో కంప్యూటర్‌ను కొనుక్కొచ్చేవారు తక్కువ, కట్టించుకునేవారే ఎక్కువ, ఇల్లు కట్టించుకున్నట్టు. సికింద్రాబాద్ బజారులో ఒక కొట్టులో మదర్‌బోర్డు, ఎదురు కొట్టులో ప్రాసెసర్, మెట్లెక్కి పోతే ర్యామ్. అన్నీ సంచిలో సర్దుకొని ప్యాసింజర్ బండి ఎక్కేవాణ్ణి. మదర్‌బోర్డు మాత్రం సంచిలో కాదు, ఒళ్లో. ఒకసారి ఎదుటి సీటాయన ఆ అట్టపెట్టెలో మిఠాయి ఉందనుకొని శంకర్‌పల్లి దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తెరిచి చూపిస్తే కిటికీ వైపు తిరిగిపోయాడు. కట్టించుకునేవాళ్ల ఇంట్లో చాప మీద సామాను పరిచి, ఒక్కొక్కటే బిగించి, చివర స్విచ్ వేసినప్పుడు ఒక్క బీప్ వినబడాలి. వినబడితే చాయ్‌తో పాటు బిస్కెట్లు కూడా వచ్చేవి. వినబడకపోతే చాయ్ ఒక్కటే.

బిగించడం నా సగం పని. మిగతా సగం రాయడం. హైదరాబాద్ నుంచి వచ్చే ఒక తెలుగు కంప్యూటర్ మాసపత్రికలో, కొత్తగా బజారుకొచ్చిన సామాను పరీక్షించి నెలనెలా సమీక్ష రాసేవాణ్ణి. ఒక్కోటి పది పేజీలు. ఆరు అనుకోండి, నాలుగు ప్రకటనలు. ఆ ఆరు పేజీల్లో నేను వదిలిపెట్టిన సంగతంటూ ఉండేది కాదు. స్క్రూ ఎన్నోసారికి వదులైంది, వైరు ఎన్ని జానలుంది, మూత తెరిస్తే అంచు వేలిని కోస్తుందా, కోస్తే ఎంత లోతుకు. సంపాదకుడు ఒకసారి ఫోన్ చేసి, "సామాను గురించి రాయమంటే మీ వేలి గురించి రాశారేంటండీ" అన్నాడు. కొనేవాడికీ వేలుంటుంది కదండీ అన్నాను.

నాకు పేరు తెచ్చింది మాత్రం తాండూరు దుమ్ము పరీక్ష. కంప్యూటర్‌లో ఎస్ఎంపీఎస్ అని ఒక ఇనుప డబ్బా ఉంటుంది. గోడలోంచి వచ్చే కరెంటును లోపలి సామానుకు తగ్గట్టు మార్చి పంచేది అదే. మంచిదైతే దాన్ని ఎవరూ తలుచుకోరు. చెడ్డదైతే పోయేటప్పుడు ఒంటరిగా పోదు, పక్కనున్న ఖరీదైన వాటినీ వెంట తీసుకుపోతుంది. పెద్ద ఊళ్ల సమీక్షకులు దాన్ని ఏసీ గదిలో మీటర్లు పెట్టి కొలిచేవారు. నాకు మీటర్లు లేవు. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ ఉన్న బావమరిది ఉన్నాడు.

బండలు కోసి పాలిష్ పట్టే చోట లేచేది మామూలు దుమ్ము కాదు. నీళ్లతో కలిసి తెల్లటి బురదగా కారుతుంది, ఎండాక పౌడరై లేచి కనురెప్పల మీద కూర్చుంటుంది. అక్కడ గోడకు మేకు కొట్టి ఎస్ఎంపీఎస్‌ను వేలాడదీసేవాణ్ణి. దాని పచ్చ వైరును నల్ల వైరుతో పిన్ను పెట్టి కలిపితే మదర్‌బోర్డు లేకుండానే నడుస్తుంది. భారం కోసం పసుపు వైర్లకు ఆటో హెడ్‌లైట్ బల్బులు రెండు కట్టేవాణ్ణి. ముప్పై రోజులు ఆగకుండా నిలబడితే పాసు. అక్కడి కన్నడ కూలీలు ఆ వెలిగే బల్బుల్ని చూసి ఇదేదో మొక్కు అనుకొని దాని ముందు చెప్పులు విడిచేవారు. ఇది కొంచెం పెంచాను. విడిచింది ఒక్కడే. అతనూ కాళ్లు కడుక్కోవడానికి విడిచాడు.

ఆ సమీక్షల్లో జనం గుర్తుపెట్టుకున్నది ఒకటుంది. పన్నెండేళ్ల కిందటి మాట. ఒక ఎస్ఎంపీఎస్ గురించి ఇలా రాశాను: "పదిహేడో రోజు దీని ఫ్యాన్ మేకపిల్లలా అరిచింది. ఒక పూట అరిచి తానే సర్దుకుంది. ముప్పయ్యో రోజున కూడా బల్బులు మొదటి రోజంత తెల్లగా వెలుగుతున్నాయి." ఈ వాక్యాలకు పదకొండు ఉత్తరాలొచ్చాయి. పదకొండు అన్నది నిజమే, దాచుకున్నాను.

తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. మొదట్లో వాటిని విప్పడానికి స్క్రూలైనా ఉండేవి, తర్వాత ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారు. తెరిస్తే వారంటీ పోతుందని పైన ఒక స్టిక్కరు. బిగించేవాడికి పని లేకపోతే, ఏది బిగించాలో చెప్పేవాడికీ ఉండదు. నా ఆరు పేజీలు నాలుగయ్యాయి, రెండయ్యాయి, చివరికి అరచేతంత గడిలో ఐదు చుక్కలకు మూడున్నర అయ్యాయి. ఆ సగం చుక్క ఎందుకు తగ్గిందో రాయడానికి చోటు లేదు. ఆ తర్వాత పత్రికే లేదు. బస్టాండు దగ్గరి నా కొట్టులో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. సమీక్ష కావాలంటే ఫోన్‌లోనే చూడొచ్చు. ఒకతను అట్టపెట్టె విప్పి, వాసన చూసి, "మామా, క్వాలిటీ మామూలుగా లేదు" అంటాడు. అంతటితో పరీక్ష ముగుస్తుంది. వాళ్లను నేను తప్పు పట్టను. ఎందుకు పట్టనో ముందు ముందు తెలుస్తుంది.

పాఠకుల్లో నాకు మిగిలింది ఒక్కడు. తాండూరులో ఫొటో స్టూడియో, పక్కనే జిరాక్సు మిషన్ పెట్టుకున్న మనిషి. ఆ పదకొండు ఉత్తరాల్లో ఒకటి అతనిది. నాకంటే పన్నెండేళ్లు చిన్న. నా సమీక్షలన్నీ కత్తిరించి, పెళ్లి ఫొటోలు పెట్టే పెద్ద ఆల్బంలో అతికించుకున్నాడు. నేను రాసింది నేను మరిచిపోయినా అతను మరిచిపోడు. నన్ను సారూ అని పిలిచేవాడు. నన్ను అలా పిలిచే ఇంకో మనిషి మా బ్యాంకు దగ్గరి సెక్యూరిటీ గార్డు.

మొన్న వానలు తగ్గాక అతను ఫోన్ చేశాడు.

"సారూ, బిడ్డకు మిషన్ కట్టాలె. మీరు రావాలె."

"ల్యాప్‌టాప్ కొనియ్యరాదు తమ్మీ. గిప్పుడు ఎవలు కడుతున్నరు?"

"ఆమె పనికి ల్యాప్‌టాప్ కుక్కర్ లెక్క కూత పెడుతున్నది సారూ."

అతని కూతురు హైదరాబాద్‌లో ఇళ్ల నమూనాలు గీసే ఆఫీసులో పనిచేస్తోంది. ఇల్లు కట్టకముందే కట్టినట్టు కంప్యూటర్‌లో బొమ్మ చేసి చూపించడం ఆ అమ్మాయి పని. రెండేళ్లుగా రోజూ రైలు. తెల్లారక ముందు పోవడం, పొద్దుగూకాక రావడం. చివరికి ఆఫీసువాళ్లు ఒక మాటన్నారు: ఇంట్లో తగిన మిషన్ ఉంటే తాండూరు నుంచే పని చేసుకో, సోమవారం ఒక పెద్ద బొమ్మ ఇస్తాం, సాయంత్రానికి పూర్తి చేసి చూపించు, కాకపోతే మళ్లీ ఆఫీసుకు రా. ఆ అమ్మాయి తన జీతంలో దాచుకున్నదంతా పెట్టి సామాను తెప్పించింది. ర్యామ్ రేటు ఈ మధ్య బంగారం రేటులా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటోంది, ఉన్నదంతా పెద్ద కంపెనీలే కొనేస్తున్నాయట. అన్నిటికంటే ఖరీదైనది బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు. ఎస్ఎంపీఎస్ ఒక్కటి తెప్పించలేదు. అది ఇంట్లోనే ఉందని వాళ్ల నాయిన చెప్పాడట. ఈ సంగతి నాకు ఫోన్‌లో ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున బండికి పోయాను. స్టూడియో వెనకే ఇల్లు, పెరటి గోడకు అవతల ఎవరిదో పాలిషింగ్ యూనిట్. మా బావమరిది తనది ఎప్పుడో అమ్మేశాడు. నున్నటి బండల నేల మీద పాత చాప వేసి, సామాను వరుసగా పెట్టి ఉంచారు. చూస్తే చేతులు దురద పెట్టాయి.

నా మొట్టమొదటి వ్యాసంలో ఒక సలహా ఉంది. సామాను ముట్టుకునే ముందు, నేలలోకి దిగిన ఇనుమును ముట్టుకోండి, ఒంట్లో పేరుకున్న కరెంటు దిగిపోతుంది, లేకపోతే చిప్పులు పాడవుతాయి. అది నిజమైన సలహాయే. అతను దాన్ని ఇరవై ఏళ్లుగా పాటిస్తున్నాడు. ర్యామ్ ముట్టుకునే ముందు పెరట్లోకి పోయి బోరు పైపును రెండు చేతులా పట్టుకొని వచ్చాడు. ప్రాసెసర్‌కు ఇంకోసారి పోయాడు.

"నాయినా, గా పైపుకు బొట్టు గూడ పెట్టరాదు," అంది కూతురు.

"నవ్వకు. పెద్దనాయిన రాసిండు."

"రాసినాయన గిక్కడనే కూసున్నడు. ఒక్కసారన్న పోయిండా?"

నేను లేచి పోయి పైపు పట్టుకొని వచ్చాను.

మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి, ఎస్ఎంపీఎస్ తప్ప. అప్పుడు అతను స్టీల్ బీరువా తెరిచి, పాత లుంగీలో చుట్టిన అట్టపెట్టె తీశాడు. టేపు కూడా విప్పలేదు.

"మీరు రాసింది చదివి రెండు కొన్న సారూ. ఒకటి స్టూడియోల నడుస్తున్నది. గిది బిడ్డ కోసమని పన్నెండేండ్ల సంది పక్కకు పెట్టిన. గుర్తు పట్టిండ్రా? మేకపిల్ల."

గుర్తు పట్టాను. ఇక చెప్పాలి. ఆ ఎస్ఎంపీఎస్ తాండూరు మొహమే చూడలేదు. ఆ నెల కరెంటు కోతలతో మా బావమరిది యూనిట్ మూతపడింది, కూలీలు ఊళ్లకు పోయారు. సంపాదకుడు పేజీలు ఖాళీగా ఉన్నాయన్నాడు. వచ్చే నెల ఇస్తాను అనొచ్చు. అనలేదు. వికారాబాద్‌లో మా ఫ్రిజ్ మీద రెండు రోజులు నడిపి, మిగతా ఇరవై ఎనిమిది రోజులు కుర్చీలో కూర్చొని రాసేశాను. ఫ్యాన్ అసలు అరవనే లేదు. మేకపిల్ల మా పక్కింటివాళ్లది.

నిజం చెప్పకుండానే తప్పించుకోవచ్చునేమో చూశాను.

"తమ్మీ, గిది సరిపోదేమో. గా కార్డుకు మస్తు కరెంటు కావాలె."

అతను ఆల్బం తెచ్చి పేజీ తీశాడు. "ఏడు వందల యాభై వాట్లు. మీరే రాసిండ్రు చూడుర్రి, 'పెళ్లికొచ్చిన బంధువులందరికీ సరిపోతుంది' అని."

"ఆరు వందల యాభై చాలు పెద్దనాయినా," అంది అమ్మాయి. "కార్డు డబ్బా మీదనే ఉన్నది."

"వైరు కొసలు కలువయి."

"కలిపే ముక్క గూడ ఇచ్చిండ్రు."

"పాతదాయె. పక్కకు పెట్టినా లోపలి కెపాసిటర్లు ఎండిపోతయి." ఇది నూటికి నూరు పాళ్లు నిజం. అతను ఇంకో పేజీ తిప్పాడు.

"'ఇందులోని కెపాసిటర్లు మనవల కాలం దాకా ఉంటాయి.' మనం ఇంకా బిడ్డ దాకనే వచ్చినం సారూ."

ఎస్ఎంపీఎస్‌ను మిషన్‌లో పెట్టాను. నాలుగు స్క్రూలూ నేనే బిగించాను. బిగిస్తున్నంతసేపూ ఒకటే లెక్క వేసుకున్నాను. స్టూడియోలోది నడుస్తూనే ఉంది, ఇదీ నడవొచ్చు. నడిస్తే నా పాఠకుడు నాకుంటాడు. పేలితే ఆ కార్డు పోతుంది, అమ్మాయి మళ్లీ రైలెక్కుతుంది. ధర్మసంకటం అనే పెద్ద మాట వాడబోయాను. భయం వేసింది, అంతే.

"సారూ, మీ చేత్తోనే వెయ్యాలె," అన్నాడు. స్విచ్ మీద వేలు పెట్టాను. పక్కన అమ్మాయి కీబోర్డు మీది ప్లాస్టిక్ కాగితం ఊడదీస్తూ, ఎవరితోనూ కాకుండా అంది. "రేపు గిది నడిస్తె ఎల్లుండి సంది నాలుగు గంటలకు లేసుడు బంద్."

వేలు తీశాను.

"తమ్మీ, గా మేకపిల్ల అబద్ధం."

"ఏ మేకపిల్ల?"

"పదిహేడో రోజుది. ముప్పై రోజులు గూడ అబద్ధమే. రెండు దినాలు నడిపిన. వికారాబాద్‌ల. ఫ్రిజ్ మీద."

అమ్మాయి ముందు నవ్వింది. వాళ్ల నాయిన మొహం చూసి ఆపేసింది.

"మరి మిగతయి?" అన్నాడు అతను.

"మిగతయి నిజమే. కూలీలు చెప్పులిడిచిన ముచ్చట తప్ప."

అతను ఆల్బం మూశాడు. "పెండ్లి ఫొటోలు తియ్యబోయిన తాన గా మాట ఎంతమందికి చెప్పిన్నో ఎరుకేనా నీకు?" అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను నువ్వు అనడం అదే మొదలు. లేచి పెరట్లోకి పోయాడు. కోపంతో పోయాడనుకున్నాను. బోరు పైపు పట్టుకొని వచ్చి, కూర్చొని, నాలుగు స్క్రూలూ విప్పాడు.

"సరే, రేపటికెట్ల?" అంది అమ్మాయి ఫోన్ చూస్తూ. "ఆన్‌లైన్ల పెడితె బుధవారం వస్తదంట."

తాండూరులో ఆదివారం ఎస్ఎంపీఎస్ దొరకదు. ఇప్పుడు ఏ వారమూ దొరకదు. నేను మధ్యాహ్నం బండికి వికారాబాద్ వచ్చి, నా సొంత మిషన్ మూత తీశాను. అమ్మాయి ఫోన్‌లో దాని ఫొటో అడిగి, వాట్లు చూసుకొని, సరిపోతుందంది. దాన్ని విప్పుకొని బస్సులో మళ్లీ తాండూరు పోయాను. నా కోసం నా చేతుల్తో కట్టుకున్న చివరి మిషన్ గుండె పీకి ఇచ్చాను అని రాయాలని ఉంది. రాసేశాను కూడా. కానీ ఆ మిషన్ స్విచ్ వేసి ఎనిమిది నెలలైంది, దాని మీద మా ఆవిడ మనీప్లాంట్ కుండీ పెట్టింది. ఇదంతా నేను ఫోన్‌లోనే రాస్తున్నాను.

"గిది ఎన్ని దినాలు నడిపినవు?" అని అడిగాడు అతను, డబ్బాను చేతిలో తిప్పి చూస్తూ.

"మూడేండ్ల కింద కొన్న. రెండేండ్లు రోజూ నడిచింది, నా బల్ల కింద. దుమ్ముల పెట్టలే. గంతే ఎరుక."

ఈసారి స్విచ్ అమ్మాయే వేసింది. బీప్ రాలేదు. కొత్త బోర్డులకు బీప్ ఉండదట, ఒక చిన్న లైటు వెలుగుతుందట. వెలిగింది. చాయ్ వచ్చింది. బిస్కెట్లు రాలేదు.

సోమవారం ఇచ్చిన బొమ్మను అమ్మాయి నాలుగింటికే పూర్తి చేసి పంపిందని వాళ్ల నాయిన చెప్పలేదు, అమ్మాయే మెసేజ్ పెట్టింది. ఇప్పుడు ఇంటి నుంచే పని, నెలకోసారి ఆఫీసు. మంగళవారం ఎనిమిదింటికి లేచానని కూడా రాసింది.

వారం తర్వాత అతను ఫోన్ చేశాడు. సారూ లేదు.

"పక్క యూనిట్ల మేకు కొట్టిన. బల్బులు కట్టిన. లుంగీల ఉండె గదా, గదే ఎస్ఎంపీఎస్. ఇయ్యాల ఒకటో రోజు. ఆదివారం ఆదివారం వచ్చి చూడు, నడుమ నేను చూస్త. ముప్పై అంటె ముప్పై."

"గది చదివేటోళ్లు ఎవరున్నరు తమ్మీ గిప్పుడు?"

"నేనున్న. రా."

పోయాను. ఎనిమిదో రోజు ఏమీ లేదు, పైన పిండి చల్లినట్టు దుమ్ము తప్ప. పదిహేనో రోజూ అంతే. పదిహేడో రోజు మంగళవారం పడింది, అయినా పోయాను. ఇద్దరం దాని కింద చెవులు పెట్టి నిలబడ్డాం. మేక లేదు. ఇరవై రెండో రోజున మొదలైంది, చేటలో కందులు చెరుగుతున్నట్టు ఒక గరగర, కాసేపు ఆగి మళ్లీ గరగర. అది రాసుకున్నాను. ఇరవై నాలుగో రోజు ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. ముప్పై కాలేదు. దుమ్ము లేని ఆ అమ్మాయి గదిలో అయితే ఏళ్ల తరబడి నడిచేదో, వారంలో కార్డును కాల్చేదో తెలియదు. అక్కడ పరీక్షించలేదు.

మొత్తం మూడు పేజీలు రాసి అతనికి పంపాను. చదివిన వెంటనే ఫోన్ చేశాడు.

"గిదేంది, 'ఇరవై నాలుగో రోజు సాయంత్రం మేమిద్దరం చూస్తుండగానే బల్బులు ఎర్రబడి, కాలిన వాసనతో ఆరిపోయాయి'? ఇద్దరం ఎవరు? గా దినం నువ్వు వికారాబాద్‌ల ఉన్నవ్. నేను పొద్దుగాల చూస్తె ఆరిపోయి ఉండె. వాసన గీసన ఏం లేదు."

"చదువనీకి జర మంచిగుంటదని..."

"కొట్టేయ్, అన్నా."

కొట్టేశాను. "ఇరవై నాలుగో రోజు పొద్దున చూసేసరికి ఆరిపోయి ఉంది, ఎప్పుడు ఆరిందో తెలియదు" అని మార్చి పంపాను. అతను దాన్ని జిరాక్సు మిషన్ మీద ప్రింటు తీసి ఆల్బంలో పాత పేజీకి ఎదురుగా అతికించాడట. పాత పేజీ చింపలేదని, మేకపిల్ల మీద మాత్రం ఎర్ర పెన్నుతో ఒక గీత పెట్టాడని అమ్మాయి చెప్పింది.